ఇల్లు ఖాళీ చేశాక వచ్చిన కరెంటు బిల్లు ఎవరిది?

అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులోంచి ఒక నెల అద్దె కోసుకోవడం హైదరాబాదులో ఎప్పుడో ఆచారమైపోయింది. దాని మీద గొంతు చించుకుని లాభం లేదు కనుక ఈ రోజు ఆ జోలికి పోను. నా కోపమంతా మనం తాళాలు ఇచ్చేసి వెళ్లిపోయాక తాపీగా వచ్చే ఆఖరి కరెంటు బిల్లు మీద.

మేము మే 31న ఖాళీ చేశాం. ఆ వీధిలో మీటరు రీడింగ్ తీసేది ప్రతి నెలా 8వ తేదీన. అంటే చివరి బిల్లులో 23 రోజులు మావి, 8 రోజులు ఖాళీ ఇంటివి. ఖాళీ ఇంట్లో ఫ్యాను కూడా తిరగదు కదా అనుకుంటారు ఎవరైనా. యజమాని సరిగ్గా ఆ ఎనిమిది రోజుల్లోనే ఇల్లంతా మార్బుల్ పాలిష్ పట్టించారు, బాల్కనీకి గ్రిల్స్ వెల్డింగ్ చేయించారు. పాలిష్ మిషను పొద్దున మొదలైతే చీకటి పడేదాకా ఆగదు. ఈ సంగతి నాకెలా తెలిసిందంటే, పక్క పోర్షన్‌లో ఉండే ఆంటీ ఆ రొద, దుమ్ము భరించలేక నాకు ఫోను చేసి మరీ మొరపెట్టుకున్నారు. పాపం, నేనేదో ఆపించగలనన్నట్టు.

జూన్ రెండో వారంలో యజమాని వాట్సాప్‌లో బిల్లు ఫొటో పంపారు. 380 యూనిట్లు. అన్నీ కలిపి 2,600 రూపాయలు దాటింది. కింద ఒకటే వాక్యం: "అడ్వాన్సులో తగ్గించి మిగతాది పంపుతానమ్మా." మాకు ఏసీ లేదు. నడివేసవిలో కూలర్ పెట్టినా ఆ ఇంట్లో మా వాడకం నెలకు 200 యూనిట్లు దాటలేదు.

సామాను బండి ఎక్కాక నేను మీటరు ఫొటో తీసి పెట్టుకున్నాను. ఈ కొత్త మీటర్ల తెర మీద తేదీ, సమయం, వోల్టేజీ ఒకదాని తర్వాత ఒకటి వచ్చి పోతుంటాయి. మనకు కావలసిన కేడబ్ల్యూహెచ్ అంకె, అంటే కాలిన యూనిట్ల లెక్క వచ్చేదాకా ఫోను ఎత్తి పట్టుకుని మెట్ల కింద నిలబడాలి, అది రాగానే నొక్కాలి. ఆ అంకెలోంచి పాత బిల్లులోని రీడింగ్ తీసేస్తే వచ్చింది 140 యూనిట్లు. తక్కిన 240 యూనిట్లూ పాలిష్‌కూ వెల్డింగ్‌కూ పోయినవే.

ఫోను చేశాను. "అంకుల్, మేము వాడింది 140 యూనిట్లే, ఫొటో పంపాను చూడండి" అన్నాను. "బిల్లు మీ నెలదే కదమ్మా, కొత్తవాళ్లు ఇంకా దిగనేలేదు, మరి ఎవరు కట్టాలి?" అన్నారు. ఆ ప్రశ్నకు జవాబు ఆయన ఇంటి నేల మీదే తళతళలాడుతోంది. కాసేపు వాదన జరిగాక ఆయన మెత్తబడి, పెద్ద మనసు చేసుకుని, "సరే, మీ యూనిట్ల వాటా ఎంతో అంతే వేసుకోండి, నాకు అన్యాయం చేయడం ఇష్టం ఉండదు" అన్నారు.

అసలు తిరకాసంతా ఈ వాటా దగ్గరే ఉంది. వినడానికి ధర్మంగా ఉంటుంది, లెక్క వేస్తే కాదు.

తెలంగాణలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఇళ్ల టారిఫ్ చూడండి. నెల వాడకం 100 దాటి 200 లోపు ఉంటే మొదటి 100 యూనిట్లకు 3.40 చొప్పున, తర్వాతి వాటికి 4.80 చొప్పున. 200 దాటిందా, పాత ధరలన్నీ పోయి మొదటి యూనిట్ నుంచే 5.10 పడుతుంది. ఆపైన 300 వరకు 7.70, 400 వరకు 9 రూపాయలు. దీని మహిమ ఏమిటంటే, సరిగ్గా 200 యూనిట్లు కాలిస్తే యూనిట్ల ఖర్చు 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ధర 200 పైచిలుకు! రాత్రి ఆర్పడం మరిచిపోయిన ఒక్క బల్బు చాలు దానికి.

ఇప్పుడు మా బిల్లుకు వద్దాం. స్థిర ఛార్జీలు, సుంకం పక్కన పెట్టి యూనిట్ల సొమ్మే చూస్తే 380 యూనిట్లకు 2,510 రూపాయలు. అందులో 140 యూనిట్ల వాటా 925. కానీ మా 140 యూనిట్లకు విడిగా బిల్లు వేస్తే 532 రూపాయలే. మేము ఆ నెలంతా అక్కడే ఉన్నా ఆ వేగంతో 200 దాటేవాళ్లం కాదు. అంటే మేము ఎన్నడూ ఎక్కని స్లాబుకు ఆయన పాలిష్ మిషను మమ్మల్ని ఎక్కించింది.

"మీ యూనిట్లు కలవకపోతే నాకూ తక్కువే వచ్చేది కదా" అని ఆయన అనవచ్చు. అన్నారు కూడా. నిజమే, ఆయన 240 యూనిట్లు విడిగా అయితే 1,328. రెండూ విడివిడిగా కలిపితే 1,860. ఒకే మీటరు మీద, ఒకే నెలలో పడ్డందుకు పెరిగింది 650. ఈ 650 ఎవరి నెత్తిన పడాలన్నదే తగువు. నా దృష్టిలో సందేహమే లేదు. మేము వెళ్లిపోయినట్టు ఆయనకు తెలుసు, రీడింగ్ తీసే రోజూ ఆయనకు తెలుసు. పని వారం ఆగి మొదలుపెట్టుకునే వీలు ఆయనకు ఉంది. మాకు ఏ వీలూ లేదు.

"393 రూపాయల కోసం ఇంత రామాయణమా, వదిలెయ్" అంటారు మా ఆయన. ఆయనకు తెలిసిన లెక్క అంతే. రేషన్ కార్డు ఉండి గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు వచ్చే కుటుంబం ఇదే పరిస్థితిలో ఉందనుకోండి. 200 దాటితే ఆ నెల మొత్తం బిల్లు కట్టాల్సిందే. 140 యూనిట్లు కాల్చి సున్నా కట్టాల్సినవాళ్లు, ఎవరి ఇంటి నేలో మెరవడానికి 2,600 కట్టాలి. వాళ్ల ముందు కూడా ఇదే మాట అనగలరా?

ఇదంతా ఎందుకు జరుగుతోందంటే, నెల నెలా బిల్లు కట్టేది మనమే అయినా సర్వీసు నంబరు మన పేరున లేదు. విద్యుత్ సంస్థకు తెలిసింది ఇంటి యజమాని ఒక్కరే. మీటరు నా పేరున లేదు, డిపాజిట్ నాది కాదు, ఫిర్యాదు చేసే హక్కు ఉందో లేదో చెప్పేవాళ్లు లేరు. విచిత్రమేమిటంటే చట్టం ఇంత గుడ్డిది కాదు. 2003 విద్యుత్ చట్టం 43వ సెక్షన్ కనెక్షన్ అడిగే హక్కు యజమానితో పాటు ఆ ఇంట్లో ఉంటున్నవారికీ ఇచ్చింది. 2020 డిసెంబరులో కేంద్రం తెచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలైతే ఇంకా స్పష్టం. ఇల్లు ఖాళీ అయినప్పుడు, లేదా ఉండేవాళ్లు మారినప్పుడు ప్రత్యేక రీడింగ్ తీయాలి, ఆఖరి బిల్లు ఇవ్వాలి, అది కట్టాక బాకీ లేదని పత్రం ఇవ్వాలి. ఆఖరి బిల్లు ఇచ్చాక అంతకు ముందు కాలానికి ఇంకేమీ వసూలు చేయకూడదు. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో! నాకు తెలిసిన అద్దెదారుల్లో ఈ ప్రత్యేక రీడింగ్ చూసినవారు ఒక్కరూ లేరు.

ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న మా అక్కది దీనికి తలకిందుల బాధ. అక్కడ ట్రూఅప్, ఇంధన సర్దుబాటు ఛార్జీలని ఎప్పుడో కాల్చిన యూనిట్లకు ఇప్పుడు వేస్తారు. సర్వీసు నంబరుకు వేస్తారు కనుక అప్పుడు వాడినవారు ఊరు మారినా, ఇప్పుడు దిగినవారు కడతారు. ఇక్కడ వెళ్లిపోయినవాళ్లు మోస్తున్నాం, అక్కడ కొత్తగా వచ్చినవాళ్లు మోస్తున్నారు. రెండు చోట్లా యజమాని మాత్రం చల్లగా ఉన్నారు.

లండన్‌లో ఉంటున్న మా తమ్ముడు ఈ గొడవ విని నవ్వాడు. అక్కడ అద్దెకున్నవారి పేరుతోనే ఖాతా ఉంటుంది, ఖాళీ చేసిన రోజు రీడింగ్ వాళ్లే ఇస్తారు, ఆరు వారాల్లో ఆఖరి బిల్లు రావాలి, కంపెనీ తన తప్పుతో బిల్లు వేయకుండా వదిలేసిన వాడకానికి ఏడాది దాటాక డబ్బు అడగకూడదు. అయినా వాడికీ ఒకసారి అంచనా రీడింగ్‌తో గుండె ఆగేంత బిల్లు వచ్చింది. కాకపోతే వాడు పోట్లాడింది కంపెనీతో, అసలు రీడింగ్ చూపించి. పండక్కి బొబ్బట్లు పంపిన ఇంటివాళ్లతో కాదు.

సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు 10 రూపాయలని వసూలు చేసే యజమానుల గురించి మొదలుపెడితే ఇది ఇప్పట్లో తెమలదు. అది ఇంకోసారి.

చివరికి ఆయన 925 తగ్గించుకునే మిగతాది పంపారు. నేను ఒప్పుకోలేదని వాట్సాప్‌లో రాసి పెట్టాను, ఆయన చూశారు, జవాబు లేదు. కొత్త ఇంటి అగ్రిమెంటులో మాత్రం ఒక వాక్యం పట్టుబట్టి రాయించాను: ఖాళీ చేసే రోజు ఇద్దరి ఎదుటా రీడింగ్ తీయాలి, మా యూనిట్లకు విడిగా స్లాబు లెక్క కట్టాలి. కొత్త యజమాని అది రెండుసార్లు చదివి, "ఇంతవరకూ ఇలా ఎవరూ అడగలేదండీ" అంటూనే సంతకం పెట్టారు.

ఇక్కడ అద్దెకుంటూ, తన పేరుతో దరఖాస్తు పెట్టి ప్రత్యేక రీడింగ్ నిజంగా తీయించుకున్నవారు ఎవరైనా ఉంటే చెప్పండి. ఏ ఆఫీసులో ఇచ్చారు, యజమాని సంతకం అడిగారా, ఎంత కట్టించుకున్నారు? సలహాలు వద్దు, జరిగింది చెబితే చాలు.