మహారాజశ్రీ ఫ్లో సైటోమీటర్ గారికి

మహారాజశ్రీ ఫ్లో సైటోమీటర్ గారి దివ్య సముఖమునకు,

ఉభయకుశలోపరి. కణాల్ని ఒక్కొక్కటిగా లేజరు ముందు నడిపించి, ఏది ఏ రకమో లెక్కగట్టే యంత్రరాజులైన తమరు ఏసీ గదిలో, సొంత యూపీఎస్ మీద సుఖంగానే ఉన్నారని తెలుసు. నా క్షేమం తమరికి ఎటూ పట్టదు కనుక నేరుగా నిన్నటి మధ్యాహ్నం సంగతికి వస్తాను.

మొదట్లో తమరెంత మర్యాదగా ఉన్నారు! తమరి ఆరోగ్యం పరీక్షించే క్యూసీ పూసలు గటగటా తాగేసి పాస్ అన్నారు. రంగు వేయని ట్యూబు పెడితే కిమ్మనలేదు. ఒక్కో రంగే వేసిన సింగిల్ స్టెయిన్లు పెడితే తిరుమల క్యూలో భక్తుల్లా కణాలన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి, 488 నానోమీటర్ల నీలి లేజరు దర్శనం చేసుకుని వెళ్లిపోయాయి. ఒక రంగు వెలుగు ఇంకో రంగు లెక్కలో కలవకుండా సరిచేసే కాంపెన్సేషన్ కూడా మొదటిసారికే కుదిరింది. అంత మంచితనం చూసి నాకు ఒళ్లు జలదరించింది.

అప్పుడు అసలు ట్యూబు పెట్టాను. డెంగీ పేషెంటు రక్తం, జ్వరం మొదలైన ఏడో రోజుది. తమరికి తెలియంది కాదు, సరిగ్గా ఆ రోజుల్లోనే యాంటీబాడీలు తయారుచేసే బీ కణాలు, అంటే ప్లాస్మాబ్లాస్టులు, రక్తంలో పొంగుకొస్తాయి. బీ కణాల్లో సగం అవే అయిపోయే పేషెంట్లూ ఉంటారు. ఇంకో వారం పోతే వెతికినా దొరకవు. పైగా డెంగీలో తెల్లకణాలే పడిపోతాయి, చేతికొచ్చేవే కాసిని. రక్తకణాల్ని విడదీసే ఫికాల్ ద్రవం మీద తేలిన ఆ పల్చటి పొరని ఊపిరి బిగబట్టి పిపెట్‌తో తీసి, చీకట్లో రంగు అంటించిన యాంటీబాడీలు పట్టించి, ఫిక్స్ చేసి, వడకట్టి మరీ తెచ్చాను.

సెకనుకు పన్నెండు వందల ఈవెంట్లు, అంటే తమరు లెక్కపెట్టిన కణాలు. బాగుంది. తొమ్మిది వందలు. సరే. మూడొందలు. నలభై. సున్నా.

పొద్దుట్నుంచీ ఎన్ని పూసలు మింగారండీ తమరు? వాటిల్లో ఒక్కటీ అడ్డం పడలేదే! అడ్డం తీయడానికి ప్రైమ్ కొట్టాను. బ్లీచ్ పెట్టాను. నీళ్లు పెట్టాను. మళ్లీ ట్యూబు పెడితే టైమ్ ప్లాట్‌లో విసిరేసినట్టు నాలుగు చుక్కలు, ఆ తర్వాత ఎడారి. ఈ సేవలన్నీ అయ్యేసరికి ట్యూబులో సగం తమరి వేస్టు ట్యాంకు పాలు. "ఫిల్టర్ చేశావా?" అన్నాడు పక్క స్లాట్ అబ్బాయి. "ఫిల్టర్ చేశావామ్మా?" అన్నారు మా సారు. ఫోన్లో సర్వీసు ఇంజనీరూ అదే మాట.

చేశానయ్యా, 40 మైక్రాన్ల జాలిలో వడకట్టాను! పది పదిహేను మైక్రాన్ల కణం మింగలేనిదానివి నీకెందుకే ఇన్ని లేజర్లు? అందరూ నన్నే అడుగుతారు, నిన్ను ఒక్కరూ అడగరు. ఆ ఏడో రోజు మళ్లీ వస్తుందా? పోయి ఆయన్ని ఇంకోసారి దోమతో కుట్టించుకోమననా?

కణాల్ని వరసలో నడిపించే షీత్ ద్రవం ట్యాంకు ఖాళీ అని సగం రన్‌లో కీచుమంటావు, ఊరుకున్నాను. సేవ్ నొక్కగానే నీ సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోతుంది, ఊరుకున్నాను. కాస్త వెలుగు సోకితే చాలు విరిగిపోయి ఉత్త పీఈ రంగులా నటించే ఆ పీఈ-సై7 రంగు గారిని కూడా నీ మొహం చూసి భరించాను.

మైక్రోస్కోపులో మెరిసే కణాల్ని లెక్కపెట్టి కళ్లు పోగొట్టుకోలేకే కదా అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ శాస్త్రవేత్త హెర్జెన్‌బర్గ్ మీ తాతగారిని తయారుచేయించింది! 1969లో సైన్స్ పత్రికలో ఆ పేపరు వచ్చింది, 2006లో ఆయనకి జపాన్ వాళ్ల క్యోటో ప్రైజూ వచ్చింది. ఇక్కడ ఈవెంట్ కౌంటరు వైపు చూసి చూసి నా కళ్లు కాయలు కాచాయి.

రాత్రి తిట్టుకుంటూనే, నువ్వు గొంతు పట్టేసేలోపు మింగిన ఆ కాస్త డేటా తెరిచాను. సీడీ19 గుర్తున్న బీ కణాల్ని గేటు వేసి విడదీసి, సీడీ27, సీడీ38 అనే ఇంకో రెండు గుర్తులకి ప్లాట్ గీస్తే కుడివైపు పైమూలన, మిగతా బీ కణాలతో మాకేం పని అన్నట్టు ప్లాస్మాబ్లాస్టుల గుంపు విడిగా కూర్చుని ఉంది. గేటు ఎక్కడ గీయాలో ఆలోచించక్కర్లేదు, అంత ఎడం. పాపిష్టిదానా, పనిచేసిన ఆ కాసేపూ ఇంత శుభ్రంగా చేస్తావెందుకు? పదివేల కణాల్లో ఒక్క లుకేమియా కణం నక్కినా పట్టేస్తావని పిల్లల క్యాన్సర్ డాక్టర్లు నిన్ను నమ్ముకున్నారంటే ఊరికే కాదు. వాళ్ల దగ్గరైనా ఈ వేషాలు వేయకు.

సోమవారం మళ్లీ వస్తున్నాను. అదే పేషెంటు, పద్నాలుగో రోజు రక్తం. ప్లాస్మాబ్లాస్టులు ఇక లేవని చూపించడానికైనా నువ్వు ట్యూబు మొత్తం మింగి తీరాలి.

ఇట్లు,
రెండు నుంచి నాలుగు వరకు, నా స్లాట్ ఉన్నంతసేపూ, తమరి విధేయురాలు. నాలుగు దాటాక నా నోటికి నేను పూచీ కాదు.