సవరణ: 34 కిలోమీటర్లు కాదు, 34 నాట్లు
సముద్రంలోనే పుట్టి, రెండు మూడు రోజుల్లో అక్కడే చల్లారిపోయే తుఫానుల గురించి నిన్న రాసినదాంట్లో తప్పులు దొర్లాయి. గాలి వేగం గంటకు 34 కిలోమీటర్లకు చేరితే వాయుగుండం తుఫానవుతుందన్నాను. అది 34 నాట్లు (నాట్ అంటే గాలులు, ఓడల వేగానికి వాడే కొలత), అంటే గంటకు సుమారు 63 కిలోమీటర్లు.

రెండోది ఇంకా పెద్ద తప్పు. నీళ్లు చల్లబడితేనే తుఫాను చచ్చిపోతుందన్నట్టు రాశాను. 26.5 డిగ్రీలు దాటిన వెచ్చని నీళ్ల మీదున్నా అది బతకకపోవచ్చు. పైన ఒక దిక్కుకి, కింద ఇంకో దిక్కుకి గాలి వీస్తుంటే ఉరుముల మేఘాలు కేంద్రం మీంచి పక్కకు కొట్టుకుపోతాయి. శాటిలైట్ బొమ్మల్లో బోసిపోయిన సుడి ఒక్కటే తిరుగుతూ కనిపిస్తుంది. పొడిగాలి కూడా చొరబడితే కొత్త మేఘాలు లేవవు.

ఆ సుడి అల్పపీడనంగా ఇంకొన్నాళ్లు తిరగొచ్చు, ఒక్కోసారి మళ్లీ బలపడొచ్చు కూడా. కాబట్టి అలాంటి తుఫాను ‘మాయమైంది’ అని నిన్న రాసిన నా మాటా తొందరపాటే.