ఆట మనది.. తాళం ఎవరిది?

2022 మే 24న జిల్లా పేరు మార్పుపై అమలాపురంలో గొడవలు జరిగాక కోనసీమలో మొబైల్ నెట్ ఆపేశారు. సిగ్నల్ కోసం ల్యాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్లకు చేరిన సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ల కథలు వార్తల్లో వచ్చాయి. ఫోన్‌లో ఆడుకునేవాళ్ల గోడు ఎవరికీ పట్టలేదు. అది పట్టించుకునే సమయమూ కాదనుకోండి.

కానీ ఆలోచించాల్సిన విషయమే. పబ్జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో కేంద్రం నిషేధించింది. దాని బదులు 2021లో వచ్చిన బీజీఎంఐని 2022 జులైలో స్టోర్ల నుంచి తీసేయించింది, 2023 మేలో మళ్లీ రానిచ్చింది. నిర్ణయాలు తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. డబ్బు పోసి ఆటలోని తుపాకీలకు రంగులు కొనుక్కున్నవాడికి మాత్రం ఏ దశలోనూ నోరు లేదు.

మన తీర్థాల్లో అమ్మిన ఇటుకల గేమ్‌కి ఈ బెడద లేదు. పెన్సిల్ సెల్లులు వేస్తే చాలు. బూడిదరంగు తెర, లోపల లైటు ఉండదు, కరెంటు పోతే కిటికీ దగ్గరకు జరగాలి. 1989లో జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన చేతి గేమ్ యంత్రం గేమ్ బాయ్ కూడా ఇంచుమించు అదే దారి. దాన్ని తయారుచేసిన గుంపే యొకోయ్ బృందం పాతబడిన, చవకైన విడిభాగాలనే ఎంచుకుంది. రంగుల తెరలతో వచ్చిన పోటీ యంత్రాలు సెల్లులు తాగేసి చతికిలపడ్డాయి. ఇది మాత్రం, రంగుల మోడల్‌తో కలిపి, దాదాపు 11.87 కోట్లు అమ్ముడైంది. ఎవరి అనుమతీ అక్కర్లేని ఆనందం అది.

ఇప్పుడు చైనా నుంచి వచ్చే చిన్న కన్సోళ్లలోనూ పాత ఆటలు నెట్ లేకుండానే నడుస్తాయి. వాటితో వచ్చే మెమరీ కార్డులో చాలావరకు దొంగ కాపీలే, ఆ మాట దాచడం ఎందుకు? చిక్కు రిపేరు దగ్గర వస్తుంది. బొమ్మను కదిపే స్టిక్ దానంతటదే పక్కకి లాగుతోందంటే ఊళ్లో సెల్ షాపువాడు పెదవి విరుస్తాడు. ఆ కిటుకులు తెలిసినవాళ్లు ఆన్‌లైన్ గుంపుల్లో ఉంటారు. ఆ గుంపులకూ ఓ యజమాని ఉంటాడు. గూగుల్ వాళ్ల సోషల్ సైటు ఆర్కుట్‌ను 2014 సెప్టెంబరు 30న మూసేశారు, అందులో మన కబుర్లూ పోయాయి. 2023లో చర్చల సైటు రెడిట్ తన డేటాను వాడుకునే బయటి యాప్‌లకు ధర పెడితే, జూన్‌లో అందులోని వేలాది చర్చా బోర్డులు నిరసనగా తలుపులేసుకున్నాయి, కొందరు లెమ్మీ అనే అలాంటి వేదికకే వెళ్లిపోయారు.

లెమ్మీ, ట్విట్టర్ తరహా మాస్టొడాన్ లాంటివాటికి ఒకే యజమాని లేడు. ఎవరి సర్వర్ వాళ్లది. 2018లో ప్రమాణంగా మారిన యాక్టివిటీపబ్ పద్ధతిలో ఒక సర్వర్‌లోని మనిషి మరో సర్వర్‌లోని మనిషితో మాట్లాడొచ్చు. వేసవిలో కాలువలు కట్టేసే ముందు డెల్టాలో ఊరి చెరువు నింపుకుంటారు. ధవళేశ్వరం ఆనకట్ట మీద అలిగి కాదు కదా! సొంత సర్వర్ కూడా అలాంటిదే.

లోపాలు లేవని కాదు. నెట్ ఆపేస్తే ఇవీ ఆగిపోతాయి, అప్పుడు చేతిలోని కన్సోలే దిక్కు. సర్వర్ నడిపేవాడికి విసుగొస్తే మూసేస్తాడు. మాస్టొడాన్‌లో ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి ఇల్లు మారితే మన వెంట వచ్చేది అనుచరులే, పాత రాతలు రావు. తెలుగు మాటలూ అక్కడ పలచనే. అయినా లక్షమంది ఎందుకు? ఉప్పుగాలికి, చెమ్మకి బటన్లు పాడవకుండా ఏం చేయాలో చెప్పే పాతికమంది చాలు. భీమవరం, కాకినాడ ఇంజినీరింగ్ కుర్రాళ్లు తలుచుకుంటే సర్వర్ అద్దె పదిమంది రీచార్జి డబ్బుల్లో తేలిపోతుంది. కష్టమల్లా, హీరోల అభిమానుల గొడవ మొదలైతే అర్ధరాత్రి లేచి ఆపే మనిషి దొరకడమే.