చారలు వెలిసిపోయిన చేప సంగతి వదిలేశారు

ఒంటిమీద చారలుండే చిన్న జీబ్రా చేప గురించి మీరు వేసిన వ్యాసంలో, దాని పిండం గాజులా పారదర్శకంగా ఉంటుందనీ, ఒక్క రోజుకే గుండె కొట్టుకుంటుందనీ బాగా చెప్పారు. కానీ అసలు కథ వదిలేశారండీ. చారలు వెలిసిపోయిన ‘గోల్డెన్’ అనే జీబ్రా చేప రకంలో పాడైన జన్యువు ఎస్‌ఎల్‌సీ24ఏ5 అని 2005లో తేల్చారు. మనిషిలోని అదే జన్యువు తాలూకు ఆర్‌ఎన్‌ఏను (జన్యువు సందేశాన్ని మోసే అణువును) ఆ పిండాల్లోకి ఎక్కిస్తే నలుపు తిరిగొచ్చింది! మన ఒంటి రంగు తేడాల్లోనూ దీనికి వాటా ఉంది. విజయనగరంలో మా ఇంటర్ పిల్లలకు ఇది చెబితే, మెండెల్ బఠానీలప్పుడు నిద్రపోయినవాళ్లు కూడా లేచి కూర్చున్నారు. పెళ్లిచూపుల్లో పిల్ల రంగు లెక్కలేసే పెద్దలకూ చెప్పాలి (వినరనుకోండి).

ఇంకోటి, ‘విదేశీ చేప’ అన్నారు. కాదు. 1822లో ప్రకృతి శాస్త్రవేత్త హామిల్టన్ వర్ణించిన గంగా తీరపు చేపల్లో ఇదొకటి. మన దేశపు వాగుల్లో, వరిచేలల్లో తిరిగేదే.