కిల్ఫెనోరాకు సోఫా బయల్దేరింది

ఐర్లండ్‌లో క్లేర్ కౌంటీకి ఉత్తరాన కిల్ఫెనోరా అని చిన్న ఊరు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో సోఫా ఆర్డరివ్వడం తేలికే, అది ఇల్లు చేరడంలోనే ఉంది తిప్పలంతా. ఇళ్లకు నంబర్లుండవు, వీధి పేర్లుండవు. ఇంటాయన పేరు, టౌన్‌ల్యాండ్ (కొన్ని ఇళ్లూ పొలాలూ కలిసిన చిన్న ప్రాంతం) పేరు, దగ్గరి ఊరు... అంతే చిరునామా. ఒకే టౌన్‌ల్యాండ్‌లో ఒకే ఇంటిపేరువాళ్లు నలుగురుంటే నలుగురిదీ ఒకటే చిరునామా. ఎవరి ఉత్తరం ఎవరికివ్వాలో పోస్ట్‌మ్యాన్‌కి తెలుసు. సోఫా వ్యాను డ్రైవరుకేం తెలుస్తుంది?

అందుకే 2015లో ఎయిర్‌కోడ్ అని మన పిన్‌కోడ్ లాంటిది పెట్టారు. ఇంటింటికీ ఏడక్షరాలు: మొదటి మూడూ ప్రాంతానివి, ఇక్కడైతే వి95, మిగతా నాలుగూ అచ్చంగా ఆ ఇంటివి. వాటికి వరసా వావీ లేదు, పక్కింటి కోడ్ చూసి మనది ఊహించలేం. ఐ, ఓ రెండూ అంకెల్లా కనబడతాయని ముందే తీసేశారు. కంటికి జాగ్రత్తపడ్డారు గానీ చెవిని మరిచారు. సి, డి, ఇ, పి, టి, వి అలాగే ఉండిపోయాయి. గాలి హోరులో ఫోన్లో చెబితే ఆరూ ఒకటే. తప్పు రాసుకున్న కోడ్ అసలు లేదని మ్యాపు చెబితే అదృష్టం. ఉందంటేనే ప్రమాదం.

అప్పుడు వ్యాను కోరఫిన్ దాటి, లెమనే కోట దగ్గర కిల్ఫెనోరా దారి వదిలేసి బాలివాన్ వైపు పోతుంది. మ్యాపు దగ్గరిదారి అంటూ సందులోకి తిప్పుతుంది. రెండువైపులా రాతిగోడలు, తారురోడ్డు నడిమధ్యన గడ్డి. ఎదురుగా ట్రెయిలరు తగిలించిన ట్రాక్టరు. వెనక్కి పోవాల్సింది వ్యానే, వెడల్పైన చోటో, పొలం గేటో దొరికేదాకా. అది అక్టోబరు చివరైతే ఆవులు కూడా ఎదురొస్తాయి. బర్రెన్ అనే ఈ సున్నపురాయి కొండసీమలో పశువులను కొండెక్కించేది చలికాలానికే, సున్నపురాయి నేల తడి నిలవక కాస్త వెచ్చగా ఉంటుంది గనక. హారన్ కొట్టకూడదు. ఇంజనాపి కూర్చోవాలి.

దారి అడిగితే సంతోషంగా చెబుతారు: "పాత క్రీమరీ ఉండేదే, అక్కడ ఎడమకి తిరుగు." ఆ క్రీమరీ, అంటే పాలకేంద్రం, ఇప్పుడు లేదు.

చివరికి డ్రైవరు ఫోను: "మీ గుమ్మంలోనే ఉన్నానండీ." కిటికీలోంచి చూస్తే ఎవరూ లేరు.

"తలుపు ఏ రంగు?"

"ఆకుపచ్చ."

మనది ఎరుపు.

"ఎవరైనా తీశారా?"

"ఒక పెద్దావిడ. టీ పెడుతున్నారు. సోఫా ఆవిడకు బాగా నచ్చిందండీ."