మెల్లగా పరిగెత్తడం టైమ్ వేస్టా?

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో. అది దగ్గర పడుతుంటే మా రన్నర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ మళ్లీ తిరగడం మొదలైంది. అందులో ఉన్నవి నాలుగు మాటలు: మెల్లగా పరిగెత్తడం టైమ్ వేస్ట్, రోజూ ఆయాసం వచ్చేదాకా పరిగెత్తాలి. మర్నాడు కాళ్లు పట్టేస్తే అది లాక్టిక్ యాసిడ్, ఇంకా గట్టిగా పరిగెత్తితే పోతుంది. 220లోంచి వయసు తీసేస్తే వచ్చేదే మీ గుండె హద్దు, అంటే నిమిషానికి గుండె గరిష్ఠంగా ఎన్నిసార్లు కొట్టుకోగలదో ఆ అంకె. రేసుకి ముందు వారం అన్ని వారాలకంటే ఎక్కువ పరిగెత్తాలి.

నాలుగూ తప్పే. మొదటిదాన్ని నమ్మి దెబ్బ తిన్నాను కాబట్టి దాని గురించే ఎక్కువ చెబుతాను.

1. మెల్లగా పరిగెత్తడం టైమ్ వేస్ట్

న్యూజిలాండ్ కోచ్ ఆర్థర్ లిడియార్డ్ శిష్యుడు పీటర్ స్నెల్. అతని రేసు 800 మీటర్లు, రెండు నిమిషాలు కూడా పట్టదు. అలాంటి వాడిచేత లిడియార్డ్ వారానికి నూరు మైళ్లు, అంటే 160 కిలోమీటర్లు పరిగెత్తించాడు. ఆదివారం వస్తే కొండదారిలో 22 మైళ్లు. స్నెల్ 1960లో రోమ్‌లో 800 మీటర్ల స్వర్ణం, 1964లో టోక్యోలో 800, 1500 రెండింట్లోనూ స్వర్ణం గెలిచాడు. తర్వాత నార్వేలో పనిచేసే స్టీఫెన్ సైలర్ అనే పరిశోధకుడు రోయింగ్, స్కీయింగ్ లాంటి ఆటల్లో పైస్థాయి వాళ్ల ట్రైనింగ్ లెక్కలు తీసి చూస్తే, సెషన్లలో సుమారు 80 శాతం తేలికవే, గట్టివి 20 శాతం దగ్గరే.

ఎందుకంటే, ఎక్కువసేపు తేలికగా పరిగెత్తినప్పుడు కండరాల్లో మైటోకాండ్రియా (కణాల్లో శక్తి తయారుచేసే భాగాలు) పెరుగుతాయి, సన్నటి రక్తనాళాలు పెరుగుతాయి, ఒళ్లు కొవ్వును ఇంధనంగా వాడుకోవడం నేర్చుకుంటుంది. గట్టి పరుగు కూడా ఈ పనులు కొంత చేస్తుంది, కాదనను, కానీ దానికి చెల్లించాల్సిన మూల్యం ఎక్కువ, కోలుకోవడానికి రోజులు పడతాయి. వారానికి ఒకటో రెండో చాలు. ముందురోజు తేలికగా పోయిన వాడే ఆ రోజు నిజంగా గట్టిగా పరిగెత్తగలడు.

తేలికంటే ఎంత అని అడుగుతారు. పరిగెత్తుతూ పదహారో ఎక్కం పైకి చదవండి. పదహారార్ల తొంభై ఆరు దగ్గరే మధ్యలో ఊపిరి తెగితే మీరు తేలికగా పరిగెత్తడం లేదు. ఉక్కపోత రోజుల్లో అదే స్పీడుకి గుండె ఇంకా వేగంగా కొట్టుకుంటుంది కాబట్టి వాచీలో పేస్ (కిలోమీటరుకి ఎన్ని నిమిషాలో) చూడకండి, ఎక్కం చూసుకోండి.

నేను ఆ మెసేజ్ నమ్మి రెండు నెలలు రోజూ గట్టిగానే పరిగెత్తాను. మొదటి మూడు వారాలు టైమింగ్ తగ్గింది, సంబరపడ్డాను. తర్వాత మోకాలి కింద ఎముక మీద రూపాయి బిళ్లంత చోట నొప్పి మొదలైంది. డాక్టరు బొటనవేలితో అక్కడ నొక్కగానే కాలు లాగేసుకున్నాను. ఆరు వారాలు పరుగు బంద్.

2. కాళ్లు పట్టేయడం లాక్టిక్ యాసిడ్ వల్లే

పరుగు ఆపిన గంటా గంటన్నరలో రక్తంలో లాక్టేట్ (లాక్టిక్ యాసిడ్ ఒంట్లో ఉండే రూపం) మామూలు స్థాయికి వచ్చేస్తుంది. నొప్పి ముదిరేది ఒకటి రెండు రోజులకి. కారణం కండరంలో పడిన సన్నటి దెబ్బలు, వాటి వెంట వచ్చే వాపు. దాని మీద మళ్లీ గట్టిగా పరిగెత్తితే ఆ నొప్పి పోదు. పైగా లాక్టేట్ విషం కాదు, గుండె కూడా దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది.

3. 220 మైనస్ వయసు

ఇది 1970 ప్రాంతంలో పాత అధ్యయనాల అంకెల్ని చూసి వేసిన ఒక ఉజ్జాయింపు లెక్క. ఒకే వయసు వాళ్లలో కూడా పది పన్నెండు బీట్లు అటూ ఇటూ తేడా మామూలే. నలభై ఏళ్ల ఇద్దరిలో ఒకరి హద్దు 170, ఇంకొకరిది 190 కావచ్చు. ఇద్దరికీ 180 అని రాసిచ్చి జోన్లు (ఏ పరుగుకి గుండె ఎంత వేగంలో ఉండాలనే లెక్కలు) పెడితే ఎవరికీ సరిపోవు.

4. చివరి వారం ఎక్కువ పరిగెత్తాలి

సరిగ్గా తిరగేసి చెప్పారు. చివరి రెండు వారాల్లో దూరాన్ని మెల్లమెల్లగా సగానికి అటూ ఇటూగా తగ్గించి, వేగం మాత్రం తగ్గించకుండా ఉంటే ఫలితం బాగుంటుందని 2007లో చాలా అధ్యయనాల్ని కలిపి చూసిన విశ్లేషణ తేల్చింది. వారానికి 50 కిలోమీటర్లు పరిగెత్తేవాళ్లు చివరికి 25 దగ్గరికి వస్తారన్నమాట, అందులో కొన్ని కిలోమీటర్లు రేసు స్పీడులో. ఆ వారం కాళ్లు బరువుగా, ఏదో పోగొట్టుకుంటున్నట్టు అనిపిస్తుంది, చాలామందికి అంతే. ఆ టెన్షన్‌లో గురువారం పొద్దున్నే లేచి పాతిక కిలోమీటర్లు మాత్రం పరిగెత్తకండి.