‘తల్లిదండ్రుల సంతకం లేని పెళ్లి చెల్లదు’ అని పంపుతున్నవారికి

వారం రోజుల్లో ఒకే వాట్సాప్ సందేశాన్ని నాకు ఐదుగురు పంపారు. వారిలో ఇద్దరు నాతో కలిసి న్యాయశాస్త్రం చదువుకున్నవారు కావడంతో ఇక ఊరుకోలేక ఇది రాస్తున్నాను. ‘ఆడపిల్లల తల్లిదండ్రులు తప్పక చదవాలి’ అని మొదలయ్యే ఆ సందేశం చెప్పేది ఇది: తల్లిదండ్రుల సంతకం లేని పెళ్లి చెల్లదు, ఎదిరించి పెళ్లాడిన కూతురికి ఆస్తిలో హక్కు పోతుంది, ఇష్టపడి పెళ్లి చేసుకోవడం మన సంప్రదాయంలోనే లేదు, ఇల్లు దాటిన పిల్లను పోలీసుల చేత వెనక్కి రప్పించవచ్చు, పరువు కోసం కన్నవాళ్లు ఏం చేసినా తప్పు కాదు. జీన్స్ గురించీ సెల్‌ఫోన్ గురించీ ఉన్న మాటలకు జవాబు అనవసరం.

సంతకం మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఊహించగలను. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో వధువు కనీస వయసు 15 ఏళ్లు కాగా, 18 నిండని పిల్లకు సంరక్షకుల అనుమతి కావాలని ఆరో సెక్షన్ చెప్పేది. 1978లో కనీస వయసును 18కి పెంచినప్పుడు ఆ సెక్షన్‌నే తీసేశారు. మతంతో పనిలేకుండా పెళ్లి చేసుకోవడానికి ఉన్న 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద 30 రోజుల నోటీసు, ముగ్గురు సాక్షులు కావాలి. ఆ సాక్షులు స్నేహితులైనా సరిపోతుంది. నోటీసుపై అభ్యంతరం చెప్పాలంటే వయసు చాలలేదనో, మొదటి పెళ్లి ఇంకా నిలిచి ఉందనో చట్టం ఒప్పే కారణం చూపాలి. ‘మాకిష్టం లేదు’ అన్నది ఆ కారణాల్లో లేదు.

సంప్రదాయం సంగతికి వస్తే, పెళ్లి కుదరాలని కూతురి చేత రుక్మిణీ కల్యాణం పారాయణ చేయించేది మన తెలుగు ఇళ్లలోనే కదా. అన్న రుక్మి శిశుపాలుడికి ఇస్తానంటే కాదని, అగ్నిద్యోతనుడి చేతికి సందేశమిచ్చి ద్వారకకు పంపిన పిల్ల కథ అది.

ఆస్తి విషయంలో ఒకటి ఒప్పుకోవాలి. తండ్రి తన కష్టార్జితాన్ని వీలునామా ద్వారా ఎవరికైనా రాసుకోవచ్చు, కూతురికి దమ్మిడీ ఇవ్వకపోవచ్చు; ఆ మేరకు సందేశం చెప్పింది నిజమే, ఇల్లు విడిచే అమ్మాయి అది ముందే తెలుసుకోవడం మంచిది. కానీ ఉమ్మడి ఆస్తిలో వాటా పుట్టుకతో వచ్చేది. ఆంధ్రప్రదేశ్ పెళ్లికాని కూతుళ్లకు 1985లోనే దాన్ని ఇచ్చింది, 2005 సవరణతో దేశంలోని హిందూ కుటుంబాల కూతుళ్లందరికీ వచ్చింది. అల్లుడు నచ్చలేదని ఆ వాటా పోదు.

ఇక పోలీసులు, పరువు అన్న చివరి రెండు మాటలు. వాటిని చదివి కూడా ఎలా పంపగలిగారు? మేజర్ అయిన కూతురు కనిపించడం లేదని ఫిర్యాదు చేస్తే పోలీసులు ఆమెను వెతికి వాంగ్మూలం తీసుకోవాలి. తన ఇష్టంతోనే వెళ్లానని ఆమె చెబితే, ఎక్కడ ఉండాలన్నది ఆమె నిర్ణయం. కేరళకు చెందిన హాదియా అనే మేజర్ యువతి పెళ్లిని 2017లో హైకోర్టు రద్దుచేసి ఆమెను తల్లిదండ్రులకు అప్పగించింది. 2018 మార్చిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. అదే నెల 27న, పరువు హత్యలపై శక్తివాహిని అనే సంస్థ వేసిన కేసులో, ఇద్దరు మేజర్ల పెళ్లికి కుటుంబం అనుమతి గానీ కులం అనుమతి గానీ అవసరం లేదని చెబుతూ, బెదిరింపులున్న జంటలకు రక్షణ గృహాలు, ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఏర్పాటు చేయాలని ఆదేశించింది.

ఆ తర్వాత ఆరు నెలలైనా గడవకముందే మిర్యాలగూడలో, గర్భిణి అయిన భార్యతో కలిసి ఆసుపత్రి నుంచి బయటకు వస్తున్న యువకుడిని ఆమె కళ్లెదుటే నరికి చంపారు. అతడి కులం వేరు కావడమే కారణం. హత్య చేయించాడన్న అభియోగం ఎదుర్కొన్న ఆమె తండ్రి విచారణ ముగియకముందే 2020లో ప్రాణం తీసుకున్నాడు. 2025 మార్చిలో నల్గొండ కోర్టు ఒకరికి మరణశిక్ష, మిగిలినవారికి యావజ్జీవం విధించింది. ‘పరువు కోసం ఏం చేసినా’ అని మీరు పంపిన వాక్యంలో ‘ఏం’ అన్న మాటలో ఇదంతా ఉంది. ఆ వాక్యం మీ ఫోన్ నుంచి నలభైమంది ఉన్న కుటుంబ గ్రూపులోకి వెళ్లింది. ఆ గ్రూపులో పెళ్లీడు పిల్లలు ఉన్నారు, కోపం అణచుకోలేని తండ్రులూ ఉన్నారు.

కన్నవాళ్ల బాధ కల్పితమని నేను అనడం లేదు. మా అక్క తనకు నచ్చినవాణ్ణి పెళ్లి చేసుకున్నప్పుడు మా నాన్న నాలుగేళ్లు ఆమెతో మాట్లాడలేదు, ఆ నాలుగేళ్లూ సరిగా భోంచేయనూ లేదు. మాట్లాడకపోవడం ఆయన ఇష్టం. ఆమె గడప దగ్గరకు మాత్రం మనుషుల్ని పంపలేదు.

ఆ సందేశాన్ని మళ్లీ ఆ గ్రూపుల్లోకే వెళ్లి వెనక్కి తీసుకోండి. దాని స్థానంలో మహిళల సహాయానికి 181, ఉచిత న్యాయ సహాయానికి 15100 అన్న రెండు నంబర్లు పెట్టండి. న్యాయ సహాయం పొందడానికి మహిళలకు ఆదాయ పరిమితి లేదన్న సంగతి కూడా కింద రాయండి.